తెలిసినట్టే అనిపించే సబ్జెక్టు: యూనివర్సిటీలో తొలి సైకాలజీ కోర్సు ఎలా చదవాలి

పరిచయ స్థాయి సైకాలజీ తీసుకునేవాళ్లలో చాలామంది "మనుషుల గురించేగా, ఒకసారి చదివితే వచ్చేస్తుంది" అనుకునే తీసుకుంటారు. మొదటి మిడ్‌టర్మ్ మార్కులు వచ్చేదాకా ఆ ధీమా చెక్కుచెదరదు. పుస్తకం తెరిస్తే జ్ఞాపకం, భయం, నిద్ర, అలవాటు, కోపం, అన్నీ రోజూ వాడే మాటలే. ప్రతి పేజీ "ఇది నాకు తెలిసిందే" అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. కెమిస్ట్రీలో రాని విషయం రాదని వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడ రాని విషయం కూడా వచ్చినట్టే ఉంటుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. పరీక్షలో పనికొచ్చేది రెండోది. కింద చెప్పే పద్ధతంతా ఈ తేడాను దృష్టిలో పెట్టుకున్నదే.

1. మొదటి వారం: సిలబస్‌ను ఒక కాగితం మీదికి దించండి

అరగంట పని. పరీక్షల తేదీలు, ఒక్కోదానికి ఎంత శాతం, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, పరిశోధనల్లో పాల్గొనే నిబంధన ఉందా లేదా, ఈ నాలుగూ ఒకే కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. ఉదాహరణకు మూడు మిడ్‌టర్మ్‌లు 20% చొప్పున, ఫైనల్ 25%, వారంవారం క్విజ్‌లు 10%, పరిశోధనల్లో పాల్గొన్నందుకు 5% ఉన్నాయనుకుందాం. చివరి రెండూ కలిపితే 15%. వాటికి తెలివితేటలకన్నా తేదీ గుర్తుండటమే ముఖ్యం. గ్రేడు ఒక మెట్టు కిందికి జారినవాళ్లలో కొందరు పోగొట్టుకునేది సరిగ్గా ఈ మార్కులనే.

సిలబస్‌లో రాసి లేకపోతే లెక్చరర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఫైనల్‌లో మొత్తం సిలబస్ వస్తుందా, చివరి మిడ్‌టర్మ్ తర్వాతిదేనా? క్లాసులో చెప్పకుండా పుస్తకంలో మాత్రమే ఉన్నది పరీక్షలో వస్తుందా? పుస్తకంలో లేకుండా క్లాసులో మాత్రమే చెప్పింది వస్తుందా? మీ సమయం ఎక్కడ పెట్టాలో ఈ జవాబులే చెబుతాయి.

వేగం గురించి ముందే ఒక అంచనా ఉండాలి. మామూలుగా వారానికి ఒక అధ్యాయం చొప్పున నడుస్తుంది. 3 క్రెడిట్ల కోర్సుకు క్లాసు కాక వారానికి 6 గంటలు అనేది పాత లెక్క. ఆ 6 గంటలు ఆదివారం ఒక్కరోజే కూర్చుంటే సగం వృథా. నాలుగు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున విడగొట్టండి. ఎందుకో జ్ఞాపకశక్తి అధ్యాయంలో మీరే చదువుతారు. కాకపోతే అది వచ్చేసరికి సెమిస్టర్ సగం అయిపోతుంది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాం.

2. పుస్తకం చదవడం: కళ్లతో కాదు, మూసి

క్లాసుకు ముందురోజు 20 నిమిషాలు చాలు. శీర్షికలు, ఉపశీర్షికలు, బొమ్మల కింది వాక్యాలు, అధ్యాయం చివరి సారాంశం, అంతే. ఒక్కో ఉపశీర్షికను ప్రశ్నగా మార్చి మార్జిన్‌లో రాసుకోండి. "స్వల్పకాలిక స్మృతి పరిమితి" అని ఉంటే "ఎంత పరిమితి? ఎలా కొలిచారు?" అని రాయండి.

అసలు చదువు క్లాసు అయ్యాక. ఒక ఉపశీర్షిక చదవండి, పుస్తకం మూయండి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. తర్వాత తెరిచి సరిచూసుకుని, తప్పిపోయినదాన్ని వేరే రంగు పెన్నుతో చేర్చండి. ఒక అధ్యాయానికి ఇది రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. మొదటి వారం విసుగ్గానే ఉంటుంది. "ఇప్పుడే కదా చదివాను, ఏమీ గుర్తులేదేంటి" అని నీరసం వస్తుంది కూడా. ఆ నీరసమే నిజమైన కొలత. హైలైటర్ పట్టుకుని మూడుసార్లు చదివినవాడికి అది కనపడదు, అంతే తేడా.

ఈ పద్ధతికి ఆధారం ఈ సబ్జెక్టులోనే ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు చిన్న వ్యాసాలు ఇచ్చారు. కొన్నింటిని విద్యార్థులు రెండుసార్లు చదివారు. మిగిలినవి ఒకసారి చదివి, రెండోసారి చదివే బదులు గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవి 81% గుర్తున్నాయి, చదివి రాసినవి 75%. వారం తర్వాత లెక్క తిరగబడింది: రెండుసార్లు చదివినవి 42%, చదివి రాసినవి 56%. పరీక్ష ముందు రాత్రి తిరగేస్తే "అన్నీ వచ్చు" అనిపించడానికి కారణం ఆ 81. వారం ముందు చదివినది పరీక్ష హాల్లో ఆవిరైపోవడానికి కారణం ఆ 42.

హైలైటర్‌ను పూర్తిగా మానాల్సిన పని లేదు. పేజీకి ఒక వాక్యం మించకూడదు, అదీ పుస్తకం మూసి రాసిన తర్వాతే.

ఒకసారి గుర్తుచేసుకుంటే సరిపోదు. అదే రోజు, రెండు రోజుల తర్వాత, వారం తర్వాత, పరీక్షకు రెండు రోజుల ముందు, మొత్తం నాలుగుసార్లు. రెండో సారి నుంచి అధ్యాయానికి పావుగంట మించదు.

3. క్లాసు నోట్సు

స్లైడ్లు ఎలాగూ ఇస్తారు. వాటిని ఎత్తిరాయడం దండగ. రాయాల్సింది స్లైడ్‌లో లేనిది: లెక్చరర్ నోటితో చెప్పిన ఉదాహరణ, "దీన్ని దానితో కలిపేయకండి" అన్న హెచ్చరిక, రెండుసార్లు చెప్పిన మాట. పరీక్ష ప్రశ్నలు చాలావరకు ఈ ఉదాహరణలకు చుట్టాలే. క్లాసు అయిన 24 గంటల్లోపు నోట్సు మూసి ఐదు వాక్యాల్లో క్లాసంతా చెప్పగలరా చూసుకోండి. చెప్పలేకపోతే ఏ ముక్క దగ్గర ఆగిపోయారో దాన్ని ఆఫీసు వేళల్లో, అంటే లెక్చరర్ విద్యార్థులను కలవడానికి కేటాయించిన సమయంలో, అడగండి. "నాకేమీ అర్థం కాలేదు" అని వెళ్తే పది నిమిషాలూ మొదటి నుంచి చెప్పడంతోనే అయిపోతాయి.

4. పదాల కార్డులు: నిర్వచనం ఒక్కటే రాస్తే అది సగం కార్డే

ఒక్కో అధ్యాయంలో బోల్డు అక్షరాల్లో పదుల కొద్దీ పదాలుంటాయి. యాప్‌లో తయారుగా దొరికే కార్డులు దించుకోవడం సులువే గానీ ఉపయోగం తక్కువ. కార్డు తయారుచేయడంలోనే సగం చదువు ఉంది. కార్డు వెనక మూడు పంక్తులు ఉండాలి: మీ మాటల్లో అర్థం, మీరు సొంతంగా కల్పించిన ఉదాహరణ, ఇది ఏది కాదు. మూడో పంక్తిని అందరూ వదిలేస్తారు. మార్కులు పోయేది అక్కడే.

అభ్యసనం అధ్యాయంలో అందరూ తప్పే పదంతో చూద్దాం. నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్, అంటే రుణాత్మక పునర్బలనం. "నెగెటివ్" అనగానే శిక్ష అనుకుంటారు. కానే కాదు. రెండు ప్రశ్నలు వరసగా వేసుకోండి. ఒకటి, ఆ ప్రవర్తన ఇకముందు పెరుగుతుందా తగ్గుతుందా? పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. రెండు, దాని తర్వాత ఏదైనా చేరిందా, తొలగిందా? చేరితే పాజిటివ్, తొలగితే నెగెటివ్. ఇక్కడ పాజిటివ్, నెగెటివ్ అంటే మంచి చెడులు కావు, కూడికా తీసివేతలు. తలనొప్పి వచ్చినప్పుడు మాత్ర వేసుకుంటే నొప్పి పోయింది. మళ్లీ తలనొప్పి వస్తే మాత్ర వేసుకోవడం పెరిగింది. పెరిగింది కాబట్టి పునర్బలనం, నొప్పి తొలగింది కాబట్టి నెగెటివ్. అల్లరి చేశాడని పిల్లాడి ఫోన్ లాక్కుంటే అల్లరి తగ్గింది. తగ్గింది కాబట్టి శిక్ష, ఫోన్ తొలగింది కాబట్టి నెగెటివ్ శిక్ష. ఈ క్రమం మార్చకండి. "చేరిందా తొలగిందా" నుంచి మొదలుపెడితే తికమక తప్పదు.

రెండో ఉచ్చు పావ్‌లోవ్ పేరుతో వచ్చే క్లాసికల్ కండిషనింగ్. తెలుగు పుస్తకాల్లో శాస్త్రీయ నిబంధనం. తిండి పెట్టే ముందు గంట మోగిస్తూ పోతే చివరికి గంటకే కుక్కకు లాలాజలం ఊరిన కథ అందరికీ కంఠతా వచ్చు కాబట్టి పరీక్షలో కుక్క రాదు. ఇలా వస్తుంది: ఒకరి పై అధికారి ఫోన్ చేసినప్పుడల్లా తిడతాడు. అతని కాల్‌కు ప్రత్యేకమైన రింగ్‌టోన్ పెట్టుకున్నారు. కొన్నాళ్లకు బస్సులో ఎవరిదో ఫోన్ అదే రింగ్‌టోన్‌తో మోగినా గుండె దడదడలాడుతోంది. నేర్చుకోకుండానే ప్రభావం చూపేది ఏది? తిట్టు. అది నిర్నిబంధిత ఉద్దీపన. తిట్టుకు కలిగే దడ నిర్నిబంధిత ప్రతిస్పందన. మొదట్లో ఏ ప్రభావమూ లేని రింగ్‌టోన్ ఇప్పుడు నిబంధిత ఉద్దీపన. రింగ్‌టోన్‌కు కలిగే దడ నిబంధిత ప్రతిస్పందన. దడ రెండుచోట్లా ఒకటేలా ఉంది కదా, ఏది ఏదని? దడను చూసి తేల్చలేం, దాన్ని రప్పించింది ఏదో చూసి తేల్చాలి. కాస్త దగ్గరగా ఉండే వేరే రింగ్‌టోన్‌కూ దడ వస్తే సాధారణీకరణ. ఉద్యోగం మారి, తిట్లు లేకుండా అదే రింగ్‌టోన్ వందసార్లు వినగా దడ తగ్గిపోతే విరమణ. నెల తర్వాత ఒకరోజు హఠాత్తుగా మళ్లీ దడ వస్తే స్పాంటేనియస్ రికవరీ. ఒక్క కథలో ఇన్ని పదాలు ఇమిడితే వాటిని విడివిడిగా బట్టీ పట్టే పనే ఉండదు. ఇలాంటి కథ మీరే ఒకటి కట్టండి. ఈ కథను అరువు తెచ్చుకుంటే అంత బాగా నిలవదు.

5. పరిశోధనా పద్ధతుల అధ్యాయాన్ని దాటేయకండి

రెండో అధ్యాయంగా వచ్చి, మనుషుల ఊసే లేకుండా చరాలు, సగటులు మాట్లాడుతుంది కాబట్టి దీన్ని చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. నిజానికి మిగతా అధ్యాయాలన్నీ దీని మీదే నిలబడ్డాయి. ఒక్క అధ్యాయానికి రెట్టింపు సమయం ఇవ్వగలిగితే దీనికే ఇవ్వండి.

అసలు పరిశోధన ఎందుకు, మనిషి గురించి మనిషికి తెలియదా? "నిదానమే ప్రధానం" అంటే తల ఊపుతాం. "ఆలస్యం అమృతం విషం" అన్నా తల ఊపుతాం. ఫలితం తెలిశాక "ఇది ముందే తెలుసు" అనిపించడాన్ని హైండ్‌సైట్ బయాస్ అంటారు. దానికి విరుగుడుగా, పుస్తకంలో ఏ ప్రయోగం వచ్చినా ఫలితం చదవకముందే మీ ఊహ రాసిపెట్టుకోండి. ఎన్నిసార్లు తప్పుతుందో చూస్తే సబ్జెక్టు మీద గౌరవం దానంతటదే వస్తుంది.

తప్పకుండా పట్టు సాధించాల్సినవి ఇవి.

స్వతంత్ర చరం, పరతంత్ర చరం. పరిశోధకుడు మార్చేది మొదటిది, కొలిచేది రెండోది. ఒక నమూనా ప్రశ్న: "రోజూ నడిస్తే జ్ఞాపకశక్తి మెరుగుపడుతుందా అని చూడటానికి, ముందుకొచ్చిన 80 మంది విద్యార్థులను నాణెం ఎగరేసి రెండు గుంపులు చేశారు. ఒక గుంపు నాలుగు వారాలు రోజుకు 20 నిమిషాలు నడిచింది. తర్వాత 30 పదాల జాబితా చూపించి ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టారు. పరతంత్ర చరం ఏది?" ఎంపికలు: నడక, విద్యార్థులు, జ్ఞాపకశక్తి, గుర్తున్న పదాల సంఖ్య. "జ్ఞాపకశక్తి" దగ్గర చేయి ఆగుతుంది. అది భావన మాత్రమే, దాన్ని ఎవరూ తిన్నగా కొలవలేరు. కొలిచింది పదాల సంఖ్యను. భావనను కొలవగలిగే రూపంలోకి దించడాన్నే ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు. సమాధానం నాలుగోది.

అదే ప్రశ్నలో ఇంకో ఉచ్చు ఉంది. నాణెం ఎగరేయడం యాదృచ్ఛిక కేటాయింపు. ముందుకొచ్చినవాళ్లనే తీసుకున్నారు కాబట్టి యాదృచ్ఛిక ప్రతిచయనం లేదు. రెండూ ఒకటి కావు. ఎవరిని ఎంచుకున్నారన్నది ప్రతిచయనం, దాని బట్టి ఫలితం ఎంతమందికి వర్తిస్తుందో చెప్పగలం. ఎంచుకున్నవాళ్లను ఏ గుంపులో వేశారన్నది కేటాయింపు, దాని బట్టి కారణం ఇదేనని చెప్పగలం.

సహసంబంధం. రెండు చరాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, −1 నుంచి +1 దాకా ఉంటుంది. గుర్తు దిశను చెబుతుంది, అంకె బలాన్ని చెబుతుంది. కాబట్టి −0.7 అనేది +0.4 కన్నా బలమైన సంబంధం. పరీక్షలో ఇది ఏదో రూపంలో వస్తుందనే అనుకోండి. తక్కువ నిద్రపోయేవాళ్లకు తక్కువ మార్కులు వస్తున్నాయని తేలిందనుకుందాం. నిద్రలేమి మార్కులు తగ్గించిందా? మార్కుల బెంగ నిద్ర చెడగొట్టిందా? రాత్రిపూట ఉద్యోగం నిద్రనూ చదువునూ రెండింటినీ తినేస్తోందా? ఏ సహసంబంధం కనిపించినా ఈ మూడూ రాయడం అలవాటు చేసుకోండి. "సహసంబంధం కారణాన్ని చెప్పదు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే సగం మార్కులే వస్తాయి.

సాధారణ పంపిణీ వక్రం. సగటుకు ఇటూ అటూ ఒక ప్రామాణిక విచలనంలోపల (అంకెలు సగటు చుట్టూ ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే కొలత) సుమారు 68%, రెండింటిలోపల సుమారు 95%. ప్రజ్ఞా (ఐక్యూ) పరీక్షల్లో సగటు 100, విచలనం 15 కాబట్టి 85 నుంచి 115 మధ్య సుమారు 68% మంది, 70 నుంచి 130 మధ్య సుమారు 95% మంది ఉంటారు. ఈ గీతను చేత్తో గీసి, అంకెలు వేసి చూడండి. ప్రజ్ఞ అధ్యాయం వచ్చినప్పుడు అది మళ్లీ అవసరమవుతుంది.

పీ-విలువ 0.05 కన్నా తక్కువ అంటే "సిద్ధాంతం నిజమయ్యే అవకాశం 95%" అని కాదు. నిజంగా ఏ తేడా లేకపోతే ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనపడే సంభావ్యత 5% కన్నా తక్కువ అని. ఈ స్థాయి కోర్సులో ఇంతకుమించి అడగరు.

6. మెదడు అధ్యాయం: గీయనిదే రాదు

లెక్కలంటే భయంలేనివాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. ఇది చదివితే వచ్చేది కాదు. న్యూరాన్ (నాడీకణం) బొమ్మను చూడకుండా గీసి భాగాల పేర్లు రాయండి. పక్కన విద్యుత్ మార్పుల గ్రాఫ్ గీయండి: విశ్రాంతిలో సుమారు −70 మిల్లీవోల్టులు, సుమారు −55 దాటితే నాడీ ప్రచోదనం మొదలు, సోడియం లోపలికి, పొటాషియం బయటికి. మూడు రోజులకోసారి తెల్లకాగితం మీద మళ్లీ గీస్తే పది రోజుల్లో కొట్టిన పిండి అవుతుంది. "బలమైన ఉద్దీపనకు ప్రచోదనం ఎత్తు పెరుగుతుంది" అనేది ఇష్టంగా ఇచ్చే తప్పు ఎంపిక. ప్రచోదనం ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు. బలం పెరిగితే పెరిగేది ప్రచోదనాల సంఖ్య.

స్ప్లిట్ బ్రెయిన్, అంటే మెదడు రెండు అర్ధగోళాలను కలిపే తంతువులను కోసేసిన రోగుల గురించిన ప్రశ్నలో ఒక్క మాట జాగ్రత్త. కుడి అర్ధగోళానికి వెళ్లేది ఎడమ కంటి సమాచారం కాదు, ఎడమ దృశ్యక్షేత్రపు సమాచారం. రెండు కళ్లూ రెండు క్షేత్రాలనూ చూస్తాయి. రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ తెచ్చిన పరిశోధనలు ఇవే. భాష చాలామందిలో ఎడమ అర్ధగోళంలో ఉంటుంది కాబట్టి, ఎడమవైపు చూపించిన వస్తువు పేరు ఆ రోగి చెప్పలేడు, ఎడమ చేత్తో తీసి చూపగలడు. ఈ వాక్యానికి కారణాలు వరసగా చెప్పగలిగితే ఆ భాగం వచ్చినట్టే.

"మనం మెదడులో 10 శాతమే వాడతాం" అనేది ఎక్కడ ఎంపికగా కనిపించినా కొట్టేయండి.

7. ప్రసిద్ధ ప్రయోగాలు: కథ కాదు, నాలుగు గళ్లు

మిల్‌గ్రామ్, యాష్, బందూరా, లాఫ్టస్, ఈ పేర్లతో వచ్చే కథలు ఆసక్తిగా ఉంటాయి, అందుకే కథగానే గుర్తుండిపోతాయి. పరీక్షకు కావాల్సింది వేరు. ఒక్కో ప్రయోగానికి నాలుగు గళ్లు గీయండి: అడిగిన ప్రశ్న, చేసిన పని, వచ్చిన ఫలితం, మీద ఉన్న అభ్యంతరం.

మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంతో గళ్లు నింపితే ఇలా ఉంటుంది. ప్రశ్న: అధికారం ఉన్న మనిషి చెబితే మామూలు మనుషులు ఎదుటివాడిని ఎంతదాకా బాధిస్తారు? పని: 40 మంది పురుషులు, 15 నుంచి 450 వోల్టుల దాకా 30 మీటలున్న పరికరం, తప్పు చెప్పినప్పుడల్లా ఒక మీట పైకి, అవతల ఉన్నవాడు నటుడు, షాక్ నిజం కాదు. ఫలితం: 26 మంది, అంటే 65%, చివరి మీటదాకా వెళ్లారు. అభ్యంతరం: పాల్గొన్నవాళ్లను మోసగించి తీవ్ర ఒత్తిడికి గురిచేయడం, ఆపేస్తానన్నా కొనసాగించమని ఒత్తిడి పెట్టడం, షాక్ నిజమని అందరూ నమ్మారా అన్న అనుమానం. ఇంకొకటి కూడా రాసుకోండి: పరిస్థితిని మార్చినప్పుడల్లా ఆ శాతం మారింది. 65 ఒక్కటే గుర్తుపెట్టుకుని "మనుషులంతా ఇంతే" అని రాస్తే తప్పు. పరిస్థితి ప్రభావమే ఆ పరిశోధన చెప్పే విషయం.

నాలుగో గడి ఖాళీగా వదలకండి. విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదారులుగా విడగొట్టి చేసిన 1971 స్టాన్‌ఫర్డ్ జైలు అధ్యయనాన్ని రెండు వారాలు నడపాలనుకుని 6 రోజులకే ఆపేశారు. ఆ కథ అందరికీ తెలుసు. కాపలాదారులకు ఎలా ఉండాలో ముందే సూచనలు అందాయన్న విమర్శ తర్వాతి కాలంలో బలపడింది. 2015లో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన భారీ ప్రయత్నంలో, మూల అధ్యయనాల్లో 97% గణాంకపరంగా సార్థక ఫలితం చూపినవే అయినా, మళ్లీ చేసినప్పుడు 36% మాత్రమే అలా నిలిచాయి. మీ పుస్తకం పాత ముద్రణ అయితే ఈ సంగతి ఉండకపోవచ్చు. కొత్త ముద్రణ కొనలేకపోయినా, లైబ్రరీలో పద్ధతులు, సామాజిక మనస్తత్వం అధ్యాయాలు ఒకసారి పోల్చుకోండి. మిగతావాటికి పాతది చాలు.

అభ్యసన శైలుల సంగతీ ఇక్కడే చెప్పాలి. "నేను చూసి నేర్చుకునే రకం, వింటే ఎక్కదు" అని చాలామంది నమ్ముతారు. శైలికి తగ్గట్టు బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. న్యూరాన్‌ను గీయమన్నది మీ శైలిని బట్టి కాదు, న్యూరాన్‌ను బట్టి.

8. పరిశోధనల్లో పాల్గొనే గంటలు

చాలా విభాగాల్లో ఈ కోర్సు విద్యార్థులు కొన్ని గంటలు విభాగం పరిశోధనల్లో పాల్గొనాలి. సెమిస్టర్ మొదట్లోనే ఆన్‌లైన్‌లో నమోదై, ప్రాథమిక ప్రశ్నావళి నింపాలి. అది నింపకపోతే చాలా అధ్యయనాలు మీకు కనపడవు. మూడో వారం నుంచి ఆరో వారం లోపు పూర్తిచేయండి. చివరి రెండు వారాల్లో అందరూ ఒకేసారి ఎగబడతారు, ఖాళీలు ఉండవు. చెప్పకుండా రాకపోతే కొన్నిచోట్ల గంటలు కోసేస్తారు, కాబట్టి రద్దు గడువు ముందే చూసుకోండి.

సంతకం పెట్టే ముందు సమ్మతి పత్రం చదవండి. మధ్యలో ఎప్పుడైనా ఆపి వెళ్లిపోయే హక్కు మీకుంది. ఇష్టం లేకపోతే దానికి బదులు చిన్న వ్యాసం రాసే అవకాశం ఉంటుంది, అడగండి. అయిపోయాక ఇచ్చే వివరణను డీబ్రీఫింగ్ అంటారు. దాన్ని పారేయకండి. అందులో స్వతంత్ర చరం ఏది, గుంపులు ఎన్ని అని వెతకండి. ఐదో విభాగంలో చదివినదంతా అక్కడ ప్రాణంతో కనిపిస్తుంది.

9. మానసిక రుగ్మతల అధ్యాయం

సెమిస్టర్ చివర్లో వస్తుంది, తేలిగ్గా ఉంటుంది, అందరికీ ఇష్టం. ఇక్కడ ప్రమాదం వేరు: ప్రతి లక్షణం మనలోనో, పక్కవాడిలోనో కనపడటం. లక్షణాలతోపాటు సంఖ్య, వ్యవధి, జీవితానికి కలిగే ఇబ్బంది, మూడూ చదవండి. మేజర్ డిప్రెషన్ అనాలంటే 9 లక్షణాల్లో కనీసం 5, కనీసం 2 వారాలు, వాటిలో ఒకటి దిగులు గానీ ఆసక్తి పోవడం గానీ అయి ఉండాలి. జనరలైజ్డ్ యాంగ్జైటీకి 6 నెలలు. పరీక్షల్లో వ్యవధి మార్చి అడగడం మామూలే. స్కిజోఫ్రీనియా అంటే రెండు వ్యక్తిత్వాలు కాదు, ఇది కూడా ఏటా అడిగేదే.

చదువుతుంటే నిజంగా మీ పరిస్థితే రాసినట్టు ఉండి, రోజువారీ పనులు దెబ్బతింటుంటే పుస్తకంతో తేల్చుకోకండి. యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లండి. స్నేహితులకు రోగ నిర్ధారణ చేయడం మాత్రం ఈ కోర్సు ఇచ్చే అర్హతల్లో లేదు.

10. పరీక్షలు

బహుళైచ్ఛిక ప్రశ్నలు 75 నిమిషాల్లో 50 ఉంటే ఒక్కోదానికి నిమిషంన్నర. ఎంపికలను చేత్తో మూసి, ప్రశ్న చదివి, జవాబు మనసులో చెప్పుకున్నాకే చేయి తీయండి. ఎంపికలు ముందే చూస్తే నాలుగూ తెలిసినట్టే ఉంటాయి. మొదట చెప్పుకున్న ఉచ్చు ఇదే. "మొదటి ఊహే కరెక్టు, మార్చకు" అనే సలహా వినకండి. జవాబు మార్చినవాళ్లలో తప్పు నుంచి ఒప్పుకు వెళ్లినవాళ్లే ఎక్కువని ఏళ్ల తరబడి పరిశోధనలు చూపిస్తున్నాయి. కాకపోతే మార్చడానికి ఒక కారణం చెప్పగలగాలి.

చిన్న జవాబులకు నాలుగు వాక్యాలు చాలు: పదం అర్థం, ప్రశ్నలోని సంఘటనలో అది ఎక్కడుందో, ఎందుకు అదేనో, దగ్గరి పదం ఎందుకు కాదో. రాతపనుల్లో "ఈ అధ్యయనం నిరూపించింది" అని రాయకండి, "సమర్థించింది" చాలు. ఉటంకింపు పద్ధతి ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) ఏడో ముద్రణ అడుగుతుంటే, రిఫరెన్సులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని అలాగే అతికించకుండా పేర్లు, సంవత్సరం, పెద్దక్షరాలు మీరే సరిచూడండి.

పేపర్ తిరిగొచ్చాక అరగంట కూర్చుని ఒక్కో తప్పును మూడు కుప్పల్లో వేయండి. అసలు చదవనిది, చదివి దగ్గరి పదంతో కలిపేసింది, వచ్చి ప్రశ్నను తప్పుగా చదివింది. మొదటి కుప్ప పెద్దదైతే మీ వారపు గంటలు చాలడం లేదు. రెండోది పెద్దదైతే కార్డుల్లో "ఇది ఏది కాదు" పంక్తి రాయడం లేదు. మూడోది పెద్దదైతే ఎక్కువ చదివి లాభం లేదు, వచ్చే పేపర్‌లో "కానిది", "తప్ప", "అన్నిటికన్నా" లాంటి మాటల కింద గీత గీయండి. పేపర్ ఇంటికి ఇవ్వకపోతే ఆఫీసు వేళల్లో చూపించమంటే చూపిస్తారు.

ఫైనల్ మొత్తం సిలబస్ మీద అయితే మూడు వారాల ముందు మొదలుపెట్టండి. రోజుకు ఒక అధ్యాయం కార్డులు మాత్రమే, పుస్తకం కాదు. వరసగా సరైన జవాబు చెప్పగలిగిన కార్డును పక్కన పెట్టండి, రెండుసార్లు తప్పినదానికి మాత్రమే పుస్తకం తెరవండి. అధ్యాయాలను కలిపేసి తీయండి, లేకపోతే ఏ అధ్యాయం కార్డో తెలిసిపోయి జవాబు అదే దొరికిపోతుంది. తర్వాత సైకాలజీయే మెయిన్‌గా తీసుకునే ఆలోచన ఉంటే, పద్ధతుల అధ్యాయం కార్డులు మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. స్టాటిస్టిక్స్ కోర్సు మొదటి నెలంతా వాటితోనే పని.